తీరిక లేని వాళ్ల రొట్టె

రొట్టె అంటే వెనకటికి తెలంగాణ ఇళ్లల్లో రెండు అర్థాలుండేవి. పెనం మీద కాల్చుకునే జొన్నరొట్టె ఒకటి. జ్వరమొస్తే డాక్టరుగారు పాలల్లో ముంచుకు తినమనే డబల్ రొట్టె రెండోది. మొదటిది ఆకలికి, రెండోది రోగానికి. బ్రెడ్డు పొట్లం చంకలో పెట్టుకుని నడిచే మనిషిని చూస్తే, "ఎవరికి బాగాలేదు?" అని దారిలోనే ఆపి అడిగేవాళ్లు. సరదాకి ఇంట్లో, మన చేత్తో ఒక రొట్టె కాల్చుకుని, దానిమీద నిమ్మరసం కలిపిన చక్కెర పూత పూసి, ముక్కలు కోసి చాయ్‌తో పాటు పెట్టుకోవడమనేది మన అమ్మమ్మల వూహకి అందని సంగతి.

ఇవాళ అందుతోంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి వూళ్లల్లో కూడా కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి వంటింట్లో దూరి దాల్చిన చెక్క, లవంగం, శొంఠి పొడి కొడుతుంది. గుమ్మడికాయ గుజ్జో, మిగలపండిన అరటిపండో పిండిలో కలుపుతుంది. గంటలో ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని "క్విక్ బ్రెడ్" అంటారు. మనం తొందర రొట్టె అనుకుందాం. అత్తగారు దాన్ని చూసి "దొరల వంట" అని మూతి విరుస్తుంది. కోడలు కూడా దొరల వంటే అనుకుంటుంది కాని, కాస్త గర్వంగా అనుకుంటుంది. ఇద్దరూ ఒక్కమాట మీదే వున్నారన్నమాట! చరిత్ర కాస్త తిరగేసి చూస్తే మాత్రం ఇద్దరూ ఆశ్చర్యపోవలసి వస్తుంది.

ముందు ఈ తొందర ఏమిటో చూద్దాం. బజారు బ్రెడ్డు పొంగేది ఈస్టు వల్ల. ఈస్టు ప్రాణమున్న పదార్థం. దానికి వెచ్చదనం కావాలి, తిండి కావాలి, గంటలకొద్దీ టైము కావాలి. పిండి పిసికి, పొంగనిచ్చి, మళ్లీ పిసికి, మళ్లీ పొంగనిచ్చి అప్పుడు కాల్చాలి. గోవాలో పోర్చుగీసువాళ్లకి తమ దేశపు పులుపు దొరక్కపోతే, చెట్టు కల్లు పోసి పిండి పొంగించారు. అక్కడి పావు రొట్టె పుట్టుక అదే. తొందర రొట్టెకి ఈ సేవలేమీ అక్కర్లేదు. చిటికెడు వంటసోడా, దానికి తోడు పులుపు ఏదైనా సరే, పెరుగో, మజ్జిగో, నిమ్మరసమో చాలు. రెండూ కలవగానే గాలిబుడగలు పుడతాయి. ఆ బుడగలు పోయేలోగా పిండిని పొయ్యి ఎక్కించాలి. ఇక్కడ ఎదురుచూడటం లేదు. ఎదురుచూస్తే రొట్టె పాడవుతుంది కూడా.

ఎదురుచూడక్కర్లేని రొట్టె ఎవరికి అవసరం? తీరిక లేని వాళ్లకి. ఆ మాటకొస్తే తీరిక లేని వాళ్లు తమకోసం తొందర రొట్టె కనిపెట్టుకోని దేశం లేదు. మన కరీంనగర్ వైపు దాని పేరు సర్వపిండి. కొన్నిచోట్ల తప్పాల చెక్క అంటారు, కొన్నిచోట్ల గిన్నప్ప అంటారు. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లికాడలు, కరివేపాకు అన్నీ కలిపి, గుండుగా వుండే గిన్నె లోపల నూనె రాసి పల్చగా అద్దుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద వుంచుతారు. పులియబెట్టడం లేదు, పొంగించడం లేదు. మసాలా వున్న తొందర రొట్టె అంటే ఇంతకంటే ఏముంటుంది?

ఈ సర్వపిండి ఎందుకింత ప్రియమైందో తెలియాలంటే, సిరిసిల్లలో మగ్గం చప్పుడూ కోరుట్లలో బీడీల చాటా గుర్తుచేసుకోవాలి. సిరిసిల్ల నేతవాళ్ల వూరు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన వూరు. 2017 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్రమంతటికీ బతుకమ్మ చీరలు నేసి పంపిన వూరు. మగవాళ్లు సాంచెల మీద వుంటే అక్కడి ఆడవాళ్లలో చాలామంది ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టారు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాలల్లోనూ అదే బతుకు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, కట్టలు లెక్కపెట్టి అప్పజెప్పాలి. కూలి లెక్క వెయ్యి బీడీలకి. ఆ వెయ్యి పూర్తయ్యేదాకా వేళ్లు ఆగకూడదు. అలాంటి మనిషికి పొద్దున్నే రుబ్బి రాత్రంతా పులియబెట్టే తీరిక ఎక్కడిది? సర్వపిండి అయితే గిన్నెకి అద్ది, మూతపెట్టి, మంట తగ్గించి, వెళ్లి మళ్లీ చాట ముందు కూచోవచ్చు. మాడబోయే ముందు వాసనే పిలుస్తుంది. ఒక గిన్నె దించి, అడుగున చన్నీళ్లు పోసి చల్లార్చి, మళ్లీ అద్దేలోపు రెండో గిన్నె పొయ్యి మీద వుంటుంది. ఏ ఇంజనీరూ చెప్పని లెక్క అది.

సంక్రాంతికి చేసే సకినాల సంగతి వేరు. అవి తీరిక వున్న రోజు పిండివంట. నలుగురు ఆడవాళ్లు కూడి, వెల్లకితల పరిచిన బట్ట చుట్టూ కూచుని, వేళ్ల సందునించి పిండి జార్చి చుట్లు చుట్లుగా తిప్పాలి. అందుకే సకినాలు పండక్కి, సర్వపిండి మామూలు రోజుకి. పండగ వంటల గురించి పాటలున్నాయి, కథలున్నాయి. మామూలు రోజు వంట గురించి రాసేవాళ్లెవరు?

"సర్వపిండి మన అచ్చమైన పాతకాలపు వంట" అనే మాట కూడా మనం కాస్త సర్దుకోవాలి. బియ్యం మనది, నువ్వులు మనవి, శనగలు పాతవే. పల్లీలూ మిరపకాయా మాత్రం దక్షిణ అమెరికా నుంచీ ఆ చుట్టుపక్కల నేలల నుంచీ పోర్చుగీసు ఓడల కాలంలో, అంటే 16వ శతాబ్దం నుంచీ మన దేశానికి వచ్చాయి. ఆ రెండూ లేని సర్వపిండిని ఇవాళ ఎవరు తింటారు? తీపి గుమ్మడి కూడా అమెరికా ఖండానిదే. అదే గుమ్మడి పువ్వుని బతుకమ్మ మీద గౌరమ్మగా నిలిపి మొక్కుతున్నాం. పరాయిది అనుకున్నదాన్ని దేవతని చేసుకునేదాకా కలుపుకుపోయిన వాళ్లం మనం. సోడా వేసిన రొట్టెని చూసి మూతి విరవడమెందుకు?

తీపి సంగతికి వస్తే, సద్దుల బతుకమ్మనాడు పంచుకునే మలీద వుండనే వుంది. కాల్చిన రొట్టెల్ని వేడివేడిగా చిదిమి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. మలీద అనే మాట పారసీ మాట, నలిపినది అని అర్థం. పీర్ల పండక్కి కూడా పల్లెల్లో అదే మలీద నైవేద్యం. ఒకే ముద్ద గౌరమ్మకీ, పీరుకీ. హైదరాబాదులో మొహర్రం నెలలో చేసే "దమ్ కే రోట్" దానికి పట్నంలో పెరిగిన చుట్టం అనుకోవచ్చు. రవ్వ, నెయ్యి, చక్కెర, యాలకులు కలిపి బిళ్లలుగా కాల్చే ఆ రోట్ పేరులోనే మన రొట్టె వుంది. ఇక దమ్ అంటే మూత బిగించి, కింద నిప్పులూ మూత మీద నిప్పులూ వేసి మగ్గబెట్టడం. ఓవెన్ అనే పెట్టె చేసే పని కూడా అచ్చంగా అంతే కదా!

మరి కిందా మీదా నిప్పు పెట్టే విద్య ఇళ్లల్లో తెలిసి వుండగా, రొట్టె కాల్చడం బజారు పని ఎందుకయింది? కారణం పొయ్యిలోనే వుంది. ఇటుకల భట్టీ కట్టాలంటే చోటు కావాలి, బండ్లకొద్దీ కట్టె కావాలి. భట్టీ వేడెక్కడానికే గంటలు పడుతుంది. ఒక రొట్టె కోసం దాన్ని వెలిగించలేం. వందలు కాలిస్తేనే గిట్టుబాటు. వందలు కాలిస్తే అమ్మాలి. అమ్మడం వచ్చేసరికి అది మగవాళ్ల వ్యాపారమైంది, పేరుతో సహా. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే ఆయన మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర తెచ్చి చూపించిన కేకు రుచి చూసి, అలాంటిదే తయారుచేసిచ్చాడు. ఇండియాలో మొదటి క్రిస్మస్ కేకు అదేనని చెప్పుకుంటారు. 1898లో బెంగళూరులో తిరుమలాచార్ అనే అయ్యంగారు బేకరీ తెరిచాడు. ఇవాళ తెలంగాణ పట్టణాల్లో "బెంగళూరు అయ్యంగార్ బేకరీ" అనే బోర్డుల పరంపరకి అదే మూలం. 1953లో సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ హైదరాబాదులో కరాచీ బేకరీ పెట్టాడు. అందరూ పనిమంతులే, కాదనను. వాళ్ల పేర్లు మనకి తెలుసు, తేదీలు తెలుసు. సర్వపిండి మొదట గిన్నెకి అద్దిన తల్లి పేరు మాత్రం ఏ బోర్డు మీదా లేదు.

చరిత్ర తీరే అంత. జగిత్యాల కోటనే తీసుకోండి. నక్షత్రం ఆకారంలో, చుట్టూ అగడ్తతో 1747లో కట్టిన కోట. ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారనీ, జాక్, టాల్ అనే వాళ్ల పేర్ల మీదే వూరికి జగిత్యాల అనే పేరు వచ్చిందనీ జనం చెప్పుకుంటారు. రాళ్లు పేర్చినవాళ్ల పేర్లు ఇలా కథల్లోనైనా నిలబడ్డాయి. ఆ రాళ్లు మోసిన వాళ్లకి రొట్టెలు కాల్చిన ఆడవాళ్ల పేరు మీద ఒక సందు కూడా లేదు.

వంటింటి చరిత్రలో పేరు మిగుల్చుకున్న ఆడవాళ్లు లేకపోలేదు. అందులో ఒకామె మన తొందర రొట్టెకి నేరుగా చుట్టం. ఆమె పేరు అమేలియా సిమన్స్. 1796లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో "అమెరికన్ కుకరీ" అనే చిన్న పుస్తకం అచ్చువేసింది. అమెరికా మనిషి రాసి అమెరికాలో అచ్చయిన మొదటి వంటల పుస్తకం అది. పుస్తకం మీద తన పేరు కింద "ఒక అమెరికన్ అనాథ" అని వేసుకుంది. ఆ పుస్తకంలో అల్లప్పొడి రొట్టెలాంటి కొన్నింటికి ఈస్టు వద్దని, "పెర్ల్ యాష్" వేయమంది. ఏమిటా పెర్ల్ యాష్ అంటారా? కట్టెల బూడిదని నీళ్లల్లో కలిపి, తేర్చి, మరిగించి, శుద్ధి చేసిన తెల్లటి ఖారం. మన అప్పడాల్లో వేసే ఖారానికి అక్క. వంటసోడా పుట్టకముందు బూడిదతో పిండి పొంగించిన ఆ విద్య అచ్చులోకి ఎక్కింది ఒక అనాథ స్త్రీ చేతుల మీదుగా.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి బేకింగ్ పౌడరు తయారుచేశాడు. ఆయన భార్య ఎలిజబెత్‌కి ఈస్టూ పడదు, గుడ్డూ పడదు. ఆవిడ కోసమే గుడ్డు లేని కస్టర్డు పొడి, ఆవిడ కోసమే ఈస్టు లేని రొట్టె. భార్యకి పడని తిండి ఏదో గమనించిన మగవాడు ప్రపంచానికి రెండు సరుకులిచ్చాడు. ఇది చదివి మీ ఇంట్లో వాళ్లకి వినిపించాలనిపిస్తే నేనేం చెయ్యలేను. 1846లో న్యూయార్కులో డ్వైట్, చర్చ్ అనే ఇద్దరు సోడాని పొట్లాలు కట్టి అమ్మడం మొదలెట్టారు. మన దేశంలో 1939లో గుజరాత్ తీరాన మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ వెలిసింది, సోడా తయారీలో పెద్ద పేరు తెచ్చుకుంది. అలా నెమ్మదిగా మన కిరాణా కొట్లో తినేసోడా డబ్బా చేరి, మిర్చీలకీ బోండాలకీ అలవాటైపోయింది.

సోడాకీ పులుపుకీ వున్న వైరం మాత్రం మన ఆడవాళ్లకి కొత్త పాఠం కాదు. పసుపు నీళ్లల్లో కాస్త సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి. పెళ్లిలో దిష్టి తీసే హారతి అదే. ఆ ఎర్రనీళ్లల్లో నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చగా తిరుగుతాయి. కాలేజీలో ఆమ్లం, క్షారం అని పేర్లు పెట్టి చెప్పే చదువు పెరట్లో పళ్లెంలో ఎప్పటినించో వుంది. ఇది రొట్టెకీ పనికొస్తుంది. పిండిలో చిటికెడు పసుపు వేశారనుకోండి, కాలిన రొట్టె మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే సోడా ఎక్కువైందన్నమాట, లేదా సరిగ్గా కలవలేదన్నమాట. సబ్బు వాసన కూడా వేస్తుంది. చక్కగా పచ్చగా వుంటే పెరుగు తన పని తాను చేసిందని లెక్క. ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పొలాల్లో పండే పసుపు నిజామాబాద్ మార్కెట్‌కి వెళ్తుంది. రైతులు ఏళ్ల తరబడి అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఆ నేల ఆడవాళ్లకి పసుపు మాట్లాడే భాష ఒకరు నేర్పనక్కర్లేదు.

ఇక పైన వేసే పూత. పొడిచక్కెరలో నిమ్మరసమో సంత్రా రసమో కలిపి జారుగా పోస్తే ఆరి తెల్లగా పొరకడుతుంది. ఇది కూడా బొత్తిగా కొత్తది కాదు. బాదుషా చేసేవాళ్లని అడగండి. మైదా, పెరుగు, చిటికెడు సోడా కలిపి, కాల్చడానికి బదులు నేతిలో వేయించి, పాకంలో ముంచుతారు. ఆ పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుతారు. పిండకపోతే మర్నాటికి పాకం పలుకు కడుతుంది. పులుపు చక్కెరని విడదీసి గడ్డకట్టకుండా ఆపుతుంది. అంటే సోడా, పెరుగు, చక్కెర పూత, నిమ్మరసం నాలుగూ బాదుషాలో ముందే వున్నాయి. లేనిది పొడివేడి ఒక్కటే.

పేర్లయితే మరీ తమాషా. ఆరెంజ్ అనే మాట మన నారింజ నుంచి వెళ్లిందే. సంస్కృతంలో నారంగం, పారసీలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పెయిన్‌లో నరాంహా అయి, ఇంగ్లీషుకి చేరేసరికి ముందున్న నకారం రాలిపోయింది. దీని మూలం ద్రావిడ భాషల్లో వుందని పండితులంటారు. శర్కర వెళ్లి షుగర్ అయింది. తమిళ, మలయాళాల ఇంజి సంస్కృతంలో శృంగవేరమై, చివరికి జింజర్ అయింది. జర్మనీలోని న్యూరంబర్గ్‌లో మసాలా రొట్టెలు చేసేవాళ్లు 1643లో తమకంటూ ఒక ప్రత్యేక సంఘం పెట్టుకున్నారు. వాళ్ల దినుసుల్లో మిరియం, అల్లం, యాలకులు మన తీరం నుంచి వెళ్లినవే. సరుకు మనది, మాట మనది. తిరిగి వచ్చినప్పుడు మాత్రం టోపీ పెట్టుకుని వచ్చింది. మనం గుర్తుపట్టలేదు.

మైదా మనకి అలవాటు కావడానికి మాత్రం వేరే కారణాలున్నాయి. జొన్నలు, బియ్యం తినే వూళ్లకి గోధుమ బాగా చేరువైంది 1956 తర్వాత. ఆ ఏడాది పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు ఓడల మీద రావడం మొదలైంది. 1965లో ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ పెట్టి బ్రెడ్డు అమ్మింది. చక్కెర బోధన్‌లో తయారయ్యేది. 1937లో అక్కడ పుట్టిన నిజాం షుగర్స్ పేరు మీదే ఆ చోటికి శక్కర్‌నగర్ అనే పేరు. ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లో ఒకటి మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో వుండేది. కోరుట్ల, మెట్‌పల్లి రైతుల చెరకు అక్కడే ఆడేది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడూ మూతపడ్డాయి. ఫ్యాక్టరీ మూతపడితే చక్కెర దొరక్కపోదు, కిరాణా కొట్లో దొరుకుతుంది. చెరకు వేసిన ఇల్లాలికి మాత్రం ఆ చక్కెర పలుకు మునుపటి తీపి వుండదు.

ఈ సరంజామా అంతా చేరినా ఇంట్లో రొట్టె కాలడానికి ఇంకొకటి కావలసి వచ్చింది, మాట వినే మంట. కట్టెల పొయ్యి దగ్గర వూదుతూ గంటసేపు సన్నసెగ నిలపడం గొప్ప విద్యే కాని, కళ్లు పోయే విద్య. 1999లో దీపం పథకం కింద తెల్లకార్డు ఇళ్లల్లో ఆడవాళ్ల పేరు మీద గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. ఆ మీట తిప్పడంతోనే ఓవెను సగం వచ్చేసింది. మిగతా సగం కుక్కరు. గాస్కెట్, విజిలు తీసేసి, అడుగున రెండు గుప్పిళ్ల ఉప్పో ఇసకో పోసి, మీద చిన్న స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కనిస్తే చాలు. నీళ్లు పొయ్యకూడదు సుమా.

ఒకటిన్నర కప్పు మైదా, కావాలంటే అందులో సగం గోధుమపిండి. దానికి ముప్పావు చెంచా సోడా, చెంచాడు దాల్చిన చెక్క పొడి, అరచెంచా శొంఠి, నాలుగు లవంగాలు, కాస్త జాజికాయ, చిటికెడు ఉప్పు కలిపి జల్లించాలి. వేరే గిన్నెలో కప్పు వుడికించిన గుమ్మడి గుజ్జు, ముప్పావు కప్పు బెల్లం పొడి, అరకప్పు పెరుగు, అరకప్పు నూనె గిలక్కొట్టాలి. గుజ్జు నీరు కారుతుంటే గుడ్డలో వేసి పిండెయ్యాలి. రెండూ కలిపేటప్పుడు మెల్లిగా, నాలుగు తిప్పులు తిప్పితే చాలు. మరీ కలిపితే రొట్టె జిగటగా సాగుతుంది. వెంటనే నెయ్యి రాసిన గిన్నెలో పోసి కుక్కర్లో దించాలి. "పిండి కలిపినంక ఆగొద్దు బిడ్డా" అని సర్వపిండి దగ్గర పెద్దవాళ్లు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా నిజం. సన్నమంట మీద ముప్పావుగంట, యాభై నిమిషాలు. చీపురుపుల్ల గుచ్చితే తడి లేకుండా రావాలి. పూర్తిగా చల్లారిన తర్వాతే కప్పు పొడిచక్కెరలో ఒకటి రెండు పెద్దచెంచాల నిమ్మరసం, పైపైన తురిమిన తొక్క కలిపి పోయాలి. వేడి మీద పోస్తే పూత కరిగి పక్కలకి పారిపోతుంది. చలికాలం నాగపూర్ సంత్రాలు వచ్చినప్పుడు ఆ రసంతో చేసి చూడండి.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. రొట్టె తొందరగా అయితే మిగిలిన తీరిక ఎవరికి పోయింది? మిక్సీ వచ్చింది, గ్యాసు వచ్చింది, కుక్కరు వచ్చింది. మిగిలిన గంటలన్నీ ఇంకో పనిలోకి, ఇంకొకరి పనిలోకి వెళ్లిపోయాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇది మరీ తెలుస్తుంది. ఒక తరం మగవాళ్లు భీవండి, బొంబాయి, షోలాపూర్ మగ్గాల మీదికి వెళ్లారు. తర్వాతి తరం దుబాయి, మస్కట్ వెళ్లింది. అక్కడ కొందరు బేకరీల్లోనూ వంటశాలల్లోనూ పనిచేసి రోజుకి వందల రొట్టెలు కాల్చారు. ఇంట్లో ఆవిడ పిల్లల చదువు, అత్తమామల మందులు, పొలం, బ్యాంకు, చాటలో బీడీలు అన్నీ ఒంటిచేత్తో చూసుకుంటూ ఫోను కోసం కాచుకుంది. జీవితమంతా ఎదురుచూపులే అయిన మనిషికి ఎదురుచూడక్కర్లేని రొట్టె మీద మక్కువ వుంటే ఆశ్చర్యమేముంది?

అందుకే ఈ రొట్టె చరిత్ర ఎక్కడా రాసి లేదు. తీరిక లేని వాళ్లు కనిపెట్టుకున్నది, తీరిక లేకపోబట్టే రాయకుండా పోయింది. భట్టీ వున్నవాడికి బోర్డు వుంది, గిన్నె వున్నామెకి బోర్డు లేదు. మాలతీ చందూర్ గారు "హృదయనేత్రి" నవలకి 1992లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. అంతకు చాలా ముందే ఎన్ని వేల కొత్తకాపురాల్లో ఆమె "వంటలు-పిండివంటలు" పుస్తకం నూనె మరకలతో అటక ఎక్కి దిగిందో! ఆ పుస్తకాన్ని ఎవరూ సాహిత్యమనలేదు. మనకి ఆకలేసినప్పుడు అక్కరకొచ్చింది మాత్రం అదే.

కాబట్టి ఒక పని చేయండి. ఈసారి రొట్టె బాగా కుదిరితే పాలలెక్క రాసే నోటుపుస్తకంలోనైనా సరే ఎంత పిండి, ఎంత సోడా, ఎంతసేపు కాలింది అని రాసిపెట్టండి. మీ అమ్మ సర్వపిండిలో ఏం వేసేదో అడిగి పక్క పేజీలో అదీ రాయండి. కింద ఆమె పేరు, వూరు, తేదీ వెయ్యండి. "ఇదేమైనా పెద్ద విద్యా?" అంటుందావిడ. హార్ట్‌ఫర్డ్‌లో ఆ అనాథ పిల్ల అలా అనుకుని వూరుకుని వుంటే, బూడిదతో పిండి పొంగిందన్న సంగతి ఆమె పేరున మనకి తెలిసేదే కాదు.